కళ్ళం రాళ్ళు

దువ్వూరు చరిత్ర ఎవడైనా రాస్తే రోడ్డు చరిత్రే రాయాలి. ఒకప్పుడది రెండు ఎడ్లబండ్లు ఎదురుపడితే ఒకటి పక్కకు దిగాల్సినంత దారి. తర్వాత తారు పడింది, చింతచెట్లు పోయాయి. ఆ తర్వాత నాలుగు వరుసల హైవే వచ్చి ఆదినారాయణ తాతలనాటి కళ్ళాన్ని మింగేసింది. వడ్లు నూర్చి ఆరబోసుకునే చోటది. దాని చుట్టూ పాతిన రాళ్ళను మాత్రం పెరికి ఇంటికి తెచ్చుకున్నాడు.

"రోడ్డు నా కళ్ళం తినింది. ఇంగ రోడ్డే నా కళ్ళం" అని ఏటా హైవే మీదే ఒక వరుసలో వడ్లు పోసేవాడు. బండ్లు ఎక్కకుండా చుట్టూ ఆ రాళ్ళే పెట్టేవాడు. ఊరంతా చేసే పనే, తప్పని ఎవడంటాడు?

అన్నవాడు ఒక్కడే, పంక్చర్ అంగడి ఖాజా. పొద్దుగూకితే రాళ్ళు తీసెయ్ మామా, చీకట్లో కనపడవు అని రోజూ పోరేవాడు. సరేలేప్పా అనేవాడు ఆదినారాయణ.

ఆ సాయంత్రం మబ్బు కమ్మింది. అకాల వానల దుంపతెగ, తడిస్తే వడ్లు మొలకెత్తి ఏడాది కష్టం గంగపాలవుతుంది. ఆదినారాయణ, భార్య పద్మావతమ్మ ఉరుకులు పరుగుల మీద వడ్లు ట్రాక్టర్‌కెత్తి ఇల్లు చేర్చారు. గింజ తడవలేదు. రాళ్ళు రోడ్డు మీదే ఉండిపోయాయి. మైదుకూరు నుంచి ట్యూబులు తెస్తున్న ఖాజా మోటార్‌సైకిల్ వానలో వాటికే కొట్టుకుంది. ఆసుపత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు.

పోలీసులొచ్చి రాళ్ళెవరివని అడిగారు. ఈరోజు ఆదినారాయణ, రేపు మనం అనుకుని ఊరు నోరు కుట్టుకుంది. ఆదినారాయణ కూడా గుంపులో నిలబడి నేల చూశాడు. పాపం భయపడ్డాడనుకోకండి, ఒట్టి పిరికితనం. పోలీసులు రాళ్ళను రోడ్డు పక్కకు దొర్లించి వెళ్ళిపోయారు.

మూడోనాడు, జియారత్ దినం, ఆదినారాయణ ఆ తడవని వడ్లే ఒక మూట భుజాన వేసుకుని ఖాజా ఇంటికెళ్ళాడు. మొగుడు పోయాక గడప దాటకూడని ఇద్దత్‌లో ఉన్న ఖాజా భార్య నూరున్నీసా బయటికి రాలేదు. వాకిటి పరదా వెనక నుంచే మాట్లాడింది.

"వడ్లొద్దన్నా. ఆయన గోరీకి తలకాడ పెట్టను రాయి లేదు. నీ కళ్ళం రాయి ఒగటి ఇయ్యి. యాదో నీకు తెల్సు గదా."

తెలుసు. ఖాజా బండి ఎర్రరంగు దానికి ఇంకా అంటుకునే ఉంది. ఆదినారాయణ రోడ్డు పక్కకెళ్ళి దాన్ని భుజానికెత్తుకున్నాడు. పట్టపగలు, బజారు నడిమధ్యన, పోలీస్ స్టేషన్ ముందు నుంచే కబరస్తాన్ దాకా మోశాడు. కళ్ళనీళ్ళు తుడుచుకుందామన్నా చెయ్యి ఖాళీ లేదు. ఊరంతా అంగళ్ళలోంచి లేచి చూసింది.

రాయి ఎవరిదని ఈసారి ఎవరూ అడగలేదు.