లోహిత బండి, నా మీసం

ముప్పై నాలుగేళ్లు కరెంటు స్తంభాలెక్కి దిగినవాణ్ణి నేను. తిరుచానూరులో మా వీధిలో ఎవరింట్లో ఫ్యూజు పోయినా ఇప్పటికీ "యోగానందన్నా" అంటూ ముందు నా తలుపే తడతారు. రిటైరై మూడేళ్లయినా నా మీసం మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. పొద్దున్నే దానికి కొబ్బరినూనె రాసి దువ్వితే గాని కాఫీ ముట్టను. అలాంటి మీసాన్ని నాలుగు చక్రాల ఇనుప చట్రం మీద పందెం కాశానంటే తప్పు నాది కాదు. ఎదురుగా టిఫిన్ హోటలు నడిపే చెంగల్రాయుడి నోటిది.

ఆ చట్రం మా చెల్లెలు కోమలి కూతురు లోహిత చేసిన గో-కార్ట్. పిల్ల పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. పాత కరెంటు స్కూటరు మోటారు పీకి, పైపులు వెల్డింగు చేయించి, నాలుగు బ్యాటరీలు కట్టి, నేలకు జానెడు ఎత్తున కూర్చుని తోలే బండి తయారుచేసింది. కోయంబత్తూరులో జరిగే పోటీకి వాళ్ల కాలేజీ ఒక్క బండినే పంపుతుందట. బరువైన మనిషిని కూర్చోబెట్టుకుని మిట్ట ఎక్కితేనే పంపుతారట. శుక్రవారం పొద్దున వాళ్ల సారు మా వీధికే వచ్చి, చివరనున్న కాలవ వంతెన మిట్ట మీద చూస్తానన్నాడు.

ఆదివారం లోహిత తోలితే బండి ఆ మిట్టను అవలీలగా ఎక్కేసింది. సోమవారం పూజ చేశాం. మంగళవారం సగం మిట్టలో ఆగిపోయింది.

పూజ సంగతి చెప్పాలి. కోమలిది గుడి దారిలో పూల అంగడి. పూలు లేని బండి దాని కళ్లకు బోడిగా కనబడుతుంది. స్టీరింగుకు రెండు మూరల చామంతి మాల చుట్టి పంపింది. నేను తోలబోతే అది ముఖానికి అడ్డొచ్చింది. తీసేశాను గాని, అమ్మవారికి చూపించి తెచ్చిన పూలు కాలికింద పడకూడదు కదా. కళ్లకద్దుకుని, మా డిపార్టుమెంటు జీపులో చేసినట్టే, భక్తిగా సీటు వెనక సందులో దోపాను. తొంభై కిలోల నన్ను ఎక్కించుకుని సగం మిట్టలో బండి మూలిగి ఆగగానే చెంగల్రాయుడు గరిటె పట్టుకుని బయటికొచ్చాడు.

"ఏందప్పా ఇది? మా పిండి రుబ్బే గ్రైండరుకు సక్రాలు కడితే ఇంతకన్నా బాగా ఎక్కతాదే!"

హోటలు ముందున్న వాళ్లంతా నవ్వారు. పిల్ల ముఖం చిన్నబోయింది. నాకు ఒళ్లు మండింది. లోహిత మాత్రం వాళ్లను పట్టించుకోకుండా వెనక చక్రాన్ని చేత్తో తిప్పి చూసింది.

"మామా, సక్రం బిగువుగా తిరగతా ఉండాది. ఇరుసు కాడ ఏందో అడ్డం పడినట్టుండాది. రేకు ఇప్పి సూస్తా."

"కొత్త బేరింగు కొత్త చెప్పు మాదిరి పాపా, మొదట్లో కరస్తాది. లోపం బ్యాటరీలో ఉండాది."

"పాప సెప్పేదే నిజమేమో అప్పా," అన్నాడు చెంగల్రాయుడు. "నువ్వు స్తంభాల మనిషివి. సక్రాల సంగతి నీకేం తెలుస్తాది?"

అక్కడ తెగింది నాకు. "ముప్పై నాలుగేండ్లు కరెంటుతో కాపురం సేసినోణ్ణి. లోపం బ్యాటరీలోనే ఉండాది. ఇరుసులో ఉండాదని తేలితే ఈ మీసం తీసేస్తా, సూసుకో!"

అన్నాక ఇంకేముంది? ఇరుసు మీది రేకుకు ఎనిమిది బోల్టులు. వాటికి సరిపోయే స్పానరు ఇంట్లో ఒక్కటే ఉంది. దాన్ని నా జేబులో వేసుకున్నాను. పిల్ల రెండుసార్లు అడిగింది, నేను ఇవ్వలేదు. పెద్దవాడి మాట తీసెయ్యలేక ఊరుకుంది.

బుధవారం బ్యాటరీలకు రాత్రంతా ఛార్జింగు పెట్టి, వైర్లు మార్చి లావువి వేశాను. బండికి దిష్టి తగిలిందని కోమలి నాలుగు మూరల మాల తెచ్చింది. దాన్నీ కళ్లకద్దుకుని సందులో దోపాను. బండి నిన్న ఆగిన చోటుకు పది అడుగుల ముందే ఆగింది.

గురువారం కరెంటు ఆటో నడిపే మునికుమార్ కాళ్లావేళ్లా పడి వాడి కొత్త బ్యాటరీలు అరువు తెచ్చాను. దిష్టి బలంగా ఉందని కోమలి ఈసారి ఆరు మూరల మల్లెపూలు తెచ్చింది. బండి మలేరియా వచ్చినట్టు వణికి, మిట్ట మీద నాలుగడుగులు వేసి నిలబడింది. ఎక్కడినుంచో మూకుట్లో మల్లెపూలు వేయించిన వాసన వచ్చింది.

కోమలి రెండు చేతులూ జోడించింది. "అమ్మవారు వచ్చినట్టుండాది అన్నా!"

"ఆడలేక మద్దెల ఓడని, ఎన్ని బ్యాటరీలు మారస్తావప్పా?" అని ఎదురుగా చెంగల్రాయుడు.

లోహిత ఆ ఇద్దరి మాటా వినలేదు. మీటరు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "మామా, మోటారు ఆదివారం కంటే మూడింతలు కరెంటు తాగతా ఉండాది. బలం లేక కాదు. దాని బలమంతా యాడో సిక్కుకోని పోతా ఉండాది. స్పానరు ఇయ్యి మామా."

సర్వీసులో ఒక్కనాడూ మీటరు మాట కాదన్నవాణ్ణి కాను. ఆ రోజు కాదన్నాను. మీసం మీద చెయ్యి వేసుకుని, "మీటరు పాతదయిందిలే పాపా," అన్నాను. అన్నందుకు నాకే సిగ్గేసింది.

శుక్రవారం పొద్దున సారు వచ్చాడు. పేరు ధనంజయ. చేతిలో అట్ట, దాని మీద కాగితం. బరువైన మనిషి కావాలంటే వీధంతా నా వైపే చూసింది. కోమలి ఎనిమిది మూరల మాల తెచ్చింది. నేను కళ్లకద్దుకుని, సందులో దోపి, కూర్చుని, యాక్సిలరేటరు నొక్కాను. బండి కదిలింది. మిట్ట మొదలయ్యేసరికి మూలుగు కూడా మొదలైంది. అప్పుడు నా వీపు వెనక ఏదో జరజరమంది.

తిరిగి చూశాను. ఎనిమిది మూరల మాల సందులోంచి కిందికి, ఇరుసు వైపు పోతోంది. పూలు రోడ్డు మీద రాలిపోతున్నాయి, దారం మాత్రం లోపలికి పోతోంది. నేను చూస్తుండగానే మాల మొత్తం పోయింది, బండి ఆగింది.

మంగళవారం రెండు మూరలు, బుధవారం నాలుగు, నిన్న ఆరు, ఈ రోజు ఎనిమిది. అంతా నా చేతులతోనే, భక్తిగా.

సారు నిట్టూర్చాడు. "బ్యాటరీ చాల్లేదమ్మా. అదే రాసుకుంటా ఉండాను."

చెంగల్రాయుడు కూడా గరిటె దించేశాడు. "సరేలే అప్పా, బ్యాటరీయే. నువ్వే గెలిచినావు."

చూడండి నా అదృష్టం. నేను నోరు మూసుకుంటే చాలు, మీసం దక్కుతుంది. చదువుకున్న సారే బ్యాటరీ అని కాగితం మీద రాస్తున్నాడు. లోహిత ఏడవలేదు, నా వైపు చూడనూ లేదు. రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుని ఆ చక్రాన్ని మళ్లీ చేత్తో తిప్పుతోంది. మంగళవారం నుంచీ నిజం చెబుతున్నది ఆ పిల్ల ఒక్కతే. నేను మీసం దువ్వుకుంటూ దాని నోరు నొక్కాను. ఒక చేత్తో మీసాన్ని ఒకసారి ఆఖరుగా తడుముకుని, రెండో చేత్తో జేబులోంచి స్పానరు తీశాను.

"పాపా, రేకు ఇప్పు. సారూ, మీరు రాసింది కొట్టేయండి. లోపం బ్యాటరీలో లేదు, ఇరుసులో ఉండాది. నేనే పెట్టినా."

ఎనిమిది బోల్టులూ ఊడాయి. లోపల ఇరుసు చుట్టూ, బేరింగు పక్కన, కొబ్బరికాయంత దారపు ఉండ బిగుసుకుని ఉంది. మధ్యమధ్య మాడిన మల్లెలు. కోమలి వంగి చూసి నోరు తెరిచింది.

"అయ్యో, ఇవి నా ముడులే గదా! ఈడికి ఎట్లొచ్చినాయన్నా?"

"కాలికింద పడకూడదని..." అన్నాను. సీటు వెనక సందు వైపు వేలు చూపించాను.

కోమలి నడుముకు దోపుకున్న పూల కత్తి తీసింది. తల్లీ కూతుళ్లు పావుగంట కోశారు, లాగారు. లోహిత చక్రాన్ని వేలితో తాకితే అది గిర్రున తిరిగి, ఆగడం మర్చిపోయింది. నేను మళ్లీ కూర్చున్నాను. నొక్కానో లేదో, బండి మిట్ట ఎక్కింది, వంతెన దాటింది, అవతలి వైపు దిగింది. బ్రేకు ఎక్కడుందో నాకు గుర్తొచ్చేలోపల వంకాయల తోపుడుబండి కింద సగం దూరి ఆగింది. వెనక్కి చూస్తే వంతెన మీద సారు ఆ కాగితం చింపి కొత్తది తీస్తున్నాడు. లోహిత గెంతుతోంది. వంకాయలు ఏరుతూ నేను కూడా కళ్లు తుడుచుకున్నాను.

వీధిలోకి రాగానే చెంగల్రాయుడు ఎదురొచ్చాడు. పాపం, నోరు తెరిచి అడగలేదు. నా మూతి వైపు చూశాడంతే.

దారిలోనే ఆలోచించుకున్నాను. మీసం ఒక్కటే తీసేస్తే కనబడ్డ ప్రతివాడూ ఎందుకని అడుగుతాడు. మొత్తం తీసేస్తే మా ఊళ్లో ఒక్కడూ అడగడు. సాయంత్రం బస్సెక్కి కొండకు పోయి కల్యాణకట్టలో కూర్చున్నాను. గుండు పూర్తిచేసి మంగలి అడిగాడు, "మీసం కూడానా సామీ?"

"అదే అసలు మొక్కు నాయనా. తల దానికి తోడుగా వచ్చింది," అన్నాను.

మర్నాడు నా లెక్క తప్పలేదు. బస్టాండులో కొత్తవాళ్లు కూడా "దర్శనం బాగా జరిగిందా?" అనే అడిగారు. చెంగల్రాయుడికి లడ్డు ఇస్తే కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. తర్వాత హోటల్లోకి పోయి నాకోసం రెండు నేతి దోసెలు పోసుకొచ్చాడు. పందెం మాట ఎత్తలేదు.

లోహిత మా గుమ్మంలో బండి ఆపింది. కోయంబత్తూరు ప్రయాణం ఖాయమైంది. సీటు వెనక సందుకు ఇనుప జాలీ బిగించి ఉంది. పిల్ల నన్ను చూసి నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకుంది. తర్వాత దగ్గరికొచ్చి నా గుండు మీద చందనం సరిచేసింది.

"మామా, కోయంబత్తూరుకు నువ్వూ రావాల. నువ్వు లేకుంటే నాకు ధైర్యం ఉండదు."

అలవాటుగా మీసం మీదికి పోయిన చెయ్యి ఉత్త మూతి తడిమి కిందికి దిగింది. "వస్తా పాపా," అన్నాను.

"కానీ స్పానరు మాత్రం నా జోబీలోనే ఉంటాది," అంది.