నాలుకగారి చేపల పరీక్ష

చేపల డబ్బాల ఫ్యాక్టరీలో అతన్ని అందరూ ‘నాలుకగారు’ అంటారు. సముద్రంలో వలేసి పట్టిన చేపల్ని రకాలవారీగా రుచి చూసి మార్కులు వెయ్యడం అతని ఉద్యోగం. నమిలి, కళ్ళు మూసుకుని ఆలోచించి, పక్కనున్న గిన్నెలో ఉమ్మేస్తాడు. తిన్నది ఉమ్మేసినందుకు జీతం తీసుకునేవాడు ఊరు మొత్తానికి తానొక్కడేనని తనే చెప్పుకుని నవ్వుతాడు. నవ్వుతూనే కాస్త మీసం మెలేస్తాడు కూడా.

ఇంట్లో మాత్రం ఆ నాలుకకు గడ్డిపోచ విలువ లేకుండా పోయింది. మామగారు జబ్బుపడి లేచినప్పట్నుంచీ సరిగా తినడం మానేశారు. జీవితమంతా దర్జీపని చేసిన మనిషి, ఇప్పుడు చొక్కా లోపల ఎముకల గూడైపోయారు. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యక తప్పదని డాక్టరు అనేసరికి, భార్య వంటగదిలో నిలబడి ఏడ్చింది.

“నువ్వు ఊరుకో. ఏ చేపలో ఎంత బలముందో, ఏది నోటికి హితవో నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?” అన్నాడు నాలుకగారు.

రోజుకో రకం తెచ్చాడు. తేడా తెలియాలంటే వండే తీరు ఒక్కటే ఉండాలని ఫ్యాక్టరీ పద్ధతి గనక, ఉప్పూ ఆవిరీ తప్ప ఇంకేదీ తగలనివ్వలేదు. రోగిష్టి నోటికి చప్పిడి చేప పెట్టి మార్కులడిగే అల్లుడు దొరకడం మామగారి పూర్వజన్మ సుకృతం.

వంజరం కండ పట్టిస్తుందన్నాడు. “పీచు” అన్నారు మామగారు. చందువా తేలిగ్గా అరుగుతుందన్నాడు. “దూది నమిలినట్టుంది” అన్నారు. చివరికి కవ్వళ్ళు తెచ్చాడు. చిన్న చేపే కానీ ఒళ్ళంతా మంచి నూనె, గుండెకు దీన్ని మించింది లేదని కంచం పక్కన నిలబడి ఉపన్యాసమిచ్చాడు. మామగారు ఒకదాన్ని వేలితో కదిపి, “రుచి లేదు” అని కంచం జరిపేశారు.

“కవ్వళ్ళంటే నాన్న ప్రాణం పెట్టేవారండీ” అంది భార్య బెంగగా.

మర్నాడు ఫ్యాక్టరీలో పరీక్షకని సిద్ధం చేసిన కప్పులు రెండు మిగిలితే ఇంటికి తెచ్చాడు. అవీ కవ్వళ్ళే, అదీ ఉప్పూ ఆవిరే. మామగారు చెంచా పెట్టి రెండు కప్పులూ ఖాళీ చేసి, “ఇంకా ఉన్నాయా?” అన్నారు.

ఇక అల్లుడుగారి కాళ్ళు నేలమీద నిలవలేదు. “చూశావా! నిన్నటివి ఒడ్డు దగ్గర పట్టినవి, ఇవి లోతు నీళ్ళవి. అదీ తేడా!” అని భార్యకు పాఠం చెప్పాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. వెతికి వెతికి లోతు నీళ్ళ కవ్వళ్ళే కొనుక్కొచ్చి ఆవిరి పట్టించాడు.

“రుచి లేదు” అన్నారు మామగారు.

అతనికి తిక్కరేగింది. “నిన్న తిన్నారుగా మామయ్యగారూ! అదే చేప, అదే పడవ!” అంటూ ఎదురు కుర్చీలో కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ నిలబడి ఉపన్యాసాలిచ్చినవాడు మామగారి ఎదురుగా కూర్చోవడం అదే మొదలు. అప్పుడు కనిపించింది. చేప ఒకవైపు చిదికిపోయి ఉంది. సన్న ముల్లొకటి తియ్యబోతే ఆయన వేళ్ళు వణికాయి, పట్టు చిక్కలేదు. అల్లుడు చూస్తున్నాడని తెలిసి ఆ చేతిని చటుక్కున బల్ల కిందికి లాక్కున్నారు. జీవితమంతా సూదిలో దారం ఎక్కించిన చెయ్యి అది.

ఫ్యాక్టరీ కప్పుల్లో ముళ్ళుండవు. ఎవరో తీసి పెడతారు. ఏళ్ళ తరబడి చేపల మీద తీర్పులిస్తున్న మహానుభావుడికి ఆ ముక్క తట్టనే లేదు. తనమీద తనకే నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది.

“మామయ్యగారూ, మా ఫ్యాక్టరీలో రుచి చూసేవాళ్ళు ముళ్ళు ముట్టుకోకూడదు. అది వేరేవాళ్ళ పని. మీచేత ముట్టించి నేనే రూలు తప్పాను” అన్నాడు, కంచం తనవైపు లాక్కుంటూ.

మామగారు అతని మొహంలోకి చూశారు. “రూలంటే రూలే మరి. తియ్యండి.”

తీశాడు. ఎంత అధ్వాన్నంగా తీశాడంటే, సగం చేప ముళ్ళతోనే పోయింది. మిగిలినదాన్ని మెదిపి, ముద్ద చేసి నోటికి అందించాడు. అందులోనూ ఒక ముల్లు. మామగారు దాన్ని నాలుకతో బయటికి నెట్టి, “ఈ పనికైతే మీకెవరూ జీతమివ్వరులెండి” అన్నారు. అని, బల్ల కింది చేతిని పైకి తీసి, వణుకుతున్నదాన్ని వణకనిచ్చి, ఇంకో ముద్ద కోసం చాపారు.