ఎండ సోకిన ఎండమందు

ఉగాది రాంగనే ముత్తమ్మ ఎండమందు కాచేది. మోదుగుపువ్వు, ఆముదం, జరంత వెన్న. అది రాసుకున్నోళ్ళను ఎండ తాకకపోయేది. ఎండ తాకనోళ్ళు ఎండల కండ్లవడరు గద! కూలోళ్ళు కనిపిస్తలేరని, మొకాలకు మాత్రం రాయొద్దని గడీల దొర హుకుం చేసిండు. అప్పట్నుంచి నర్మెట్ట దిక్కు మళ్ళల్ల ఉత్త మొకాలే వంగి నాట్లేసేటివి.

మందుబుడ్డిని నీళ్ళకుండ కింద తడి ఇసుకల పాతివెట్టాలె. అట్లయితే బతుకమ్మ దాక ఆగుతది. ఎండ సోకిందా, కంపు లేస్తది. మనిషిని దాస్తది గని నీడను దాయది.

ఆ ఏడు బుడ్డిల మందు తగ్గుడు వెట్టింది. ముత్తమ్మ కొడుకు సారయ్య సంగపోళ్ళతోటి అడివిల ఉండె. కోడలు యాకమ్మ మేనమామేమో గడీల కొలువు చేస్తుండె. ఇంకేముంది, ముత్తమ్మ మనసుల అనుమానం పురుగు తొలిసింది. ఇది నా మందును గడీకే మోస్తున్నది, పోలీసులు అది రాసుకొని పట్టపగలు కండ్లవడకుంట దళం మీద వడనీకే అనుకున్నది. కోడలు నవ్వితే అనుమానం, నవ్వకపోతే ఇంకింత అనుమానం. నోరిడిసి అడగలే. గూనపెంకల మీద ఎండకు మాడిన నిరుటి బుడ్డిని దించి, కంపు తెల్వకుంట కర్పూరం కలిపి, మంచి బుడ్డిని తీసి దాసి దాని జాగల పాతివెట్టింది. దొంగెవడో వాని నీడే చెప్తదని కూసున్నది.

తెల్లారి బుడ్డి మాయం. పొద్దు నడినెత్తి మీదికి వచ్చినా యాకమ్మ పసిబిడ్డను ఒళ్ళె వెట్టుకొని బాట దిక్కే సూస్తున్నది. ముత్తమ్మకు ఆగబుద్ధి కాలే.

“నా మందు ఎవనికిచ్చినవే?”

“నీ కొడుక్కే అత్తా. ఇయ్యాల బిడ్డను సూసిపోనీకి వస్తుండు. నీ నోట్ల నువ్వుగింజ నానదని నీకు చెప్పొద్దన్నడు.”

ముత్తమ్మ ఉన్నపాటున ఉరికింది. ఊరి ముందట చింతకింద పోలీసులు కూసున్నరు. ఎదురుంగ బయలుల మనిషి లేని నీడొకటి నడుసుకుంట వస్తున్నది. వాళ్ళింకా సూడలే. ఆమె పోయి, తన నీడ ఆ నీడ మీద పడేటట్టు ఆనుకొని నిలవడ్డది.

“అవ్వా, మందు ఎండల వెట్టినవా?” ఏమీ లేని కాడికెల్లి సారయ్య గొంతు మెల్లగ అడిగింది.

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. “నడు, నాయినా.”

ఒక పోలీసు లేచి, ముసల్దానా నీ నీడ గంత లావెందుకున్నదని గద్దించిండు. బతుకంత ఊరితోటి ముచ్చట్లు వెట్టిన ముత్తమ్మ ఆ పొద్దు నోరు తెరవలే. పిచ్చిదనుకొని వాడు మల్ల కూసున్నడు.

సారయ్య ఇంట్ల బిడ్డను ఎత్తుకున్నడు, ముద్దాడిండు, మంచి మందు రాసుకొని పోయిండు. నీడ మాత్రం ఆయన ఎంబడి పోలే, తల్లి నీడను వట్టుకొనే ఉండిపోయింది. ఆ తర్వాత అడివంత జల్లెడ పట్టినా నీడ లేని సారయ్య ఎవ్వలకు దొరకలే.

యాకమ్మ మాత్రం రోజు పొద్దుగాల్నే అత్తను వాకిట్ల ఎండల నిలవెట్టి, రెండో నీడ ఉన్నదని సూసుకున్నంకనే పొయ్యి రాజేసేది.