గడ్డి పొలం కింద చేపల గుంట

పచ్చగడ్డిని పాలడైరీవాళ్లు తూకం మీద కొంటారు. అందుకే ఆ చుట్టుపక్కల గడ్డి పెంచేవాళ్లందరికీ ఒక అలవాటు పడింది. రేపు కోత అనగా ఇవాళ సాయంత్రం పొలానికి నీళ్లు పెడతారు. నీళ్లు తాగిన గడ్డి బరువు తూగుతుంది. కాటా దగ్గర గుమాస్తాకు ఈ సంగతి తెలియక కాదు. బండిలోంచి నీళ్లు కారుతుంటే, గడ్డి తెచ్చారా కాలువ తెచ్చారా అని ఒక మాట విసిరి చీటీ రాసిచ్చేస్తాడు.

పెద్దక్క పొలం మెరక మీద ఉంది. చుట్టుపక్కల అందరికీ ఆమె పెద్దక్కే. సొంత తమ్ముడు మాత్రం ఒక్కడు. జుట్టు నెరుస్తున్నా ఆమెకు వాడు చిన్నోడే. వాడికి మాటలు రాకముందే తల్లి పోతే చంకనేసుకుని పెంచింది. ఆమె పొలానికి దిగువనే వాడి చేపల గుంట, గుంట గట్టు మీదే వాడి ఇల్లు.

ఆ గడ్డి కోసిన కొద్దీ చిగురిస్తుంది. కోసిన మడిలో యూరియా చల్లితే ఇంకా తొందరగా లేస్తుంది. డైరీవాళ్లు ఆవుల్ని పెంచుకుంటూ పోయారు, పెద్దక్క యూరియా పెంచుకుంటూ పోయింది. గడ్డి పీల్చుకోగా మిగిలింది నీటితో పాటు పల్లానికి జారింది. గుంటలో నీళ్లు పచ్చగా చిక్కబడ్డాయి. తెల్లవారేసరికి చేపలు పైకి తేలి, నోళ్లు తెరుచుకుని, గాలి కోసం అల్లాడేవి. మొదటిసారి చేపలు చచ్చినప్పుడు తప్పు ఎండ మీదికి తోసేశారు. రెండోసారి తమ్ముడు నీళ్లు పరీక్ష చేయించాడు. పైనుంచి జారే యూరియా వల్లేనని తేలాక కూడా అక్కను ఏమీ అనలేదు. అనాల్సినవన్నీ మరదలే అంది. అదీ పెద్దక్కతో కాదు, గట్టు మీద బాతులతో. మేసేవి ఎవరి ఆవులో, చచ్చేవి మాత్రం మన చేపలు, అని వాటికి వివరంగా చెప్పింది. పెద్దక్క గట్టు ఇవతల నిలబడి అంతా విని, విననట్టే ఇంటికి వెళ్లిపోయింది.

గుంటా ఇల్లూ అమ్మేసి తమ్ముడు పట్నంలో వలల దుకాణంలో పనికి వెళ్లిపోతున్నాడన్న కబురు ఆమెకు ఎరువుల కొట్టులో తెలిసింది. కొట్టువాడు బస్తా బండిలో వేయిస్తూ, మీ చిన్నోడు మకాం ఎత్తేస్తున్నాడటగా అన్నాడు. పెద్దక్క తనకు తెలిసిన విషయమే అన్నట్టు తలూపింది. ఇంటికొచ్చి, పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున, పైమడిలో కోత అయిన చోట కూలీలు ఆ బస్తా యూరియా చల్లేసి వెళ్లారు. మధ్యాహ్నానికి ఆమె ఒక నిశ్చయానికొచ్చింది. గుంట పక్కన పొడవునా ఒక గడ్డి పట్టీ వదిలేస్తుంది. దానికి ఎరువు వెయ్యదు, కోత కొయ్యదు. పైనుంచి జారేది ఆ వేళ్లే పీల్చుకుంటాయి. మిగతా పొలంలో గడ్డితో కలిపి అలసంద వేస్తుంది. అలసంద తన ఎరువు తనే చేసుకుంటుంది, పక్కనున్న గడ్డికీ కాస్త పెడుతుంది. డైరీకి వెళ్లే బండ్లు తగ్గుతాయి, ఇంటికి కొత్త కప్పు వేయించాలన్న ఊసు మానుకోవాలి. మానుకోవచ్చు అనుకుంది.

ఈ మాట చెప్పడానికి సాయంత్రం బయల్దేరింది. మర్నాడు కింది మడి కోత. దారిలో మోటరు వేసి, కాలువకు గండి కొట్టి, చెయ్యి కడుక్కుని తమ్ముడి ఇంటికి వెళ్లింది. ఏళ్ల తరబడి చేస్తున్న పని కాబట్టి చేసినట్టు కూడా ఆమెకు తోచలేదు.

తమ్ముడు గుమ్మంలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"నిజంగా వదిలేస్తావా అక్కా పట్టీ? డైరీవాళ్లు ఊరుకుంటారా?"

"వాళ్లకి గడ్డి ఇంకెవరైనా ఇస్తారు. నాకు ఇంకో తమ్ముణ్ని ఎవరిస్తారు?"

"ఈ వయసులో కష్టమేలే," అని వాడు నవ్వాడు.

ఆ నవ్వు చూసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. వాడు వల పక్కన పెట్టేశాడు. కొనేవాళ్లకు ఇంకా మాట ఇవ్వలేదని, ఒక ఏడాది ఆగి చూడొచ్చని అన్నాడు. బాతుల్ని గూట్లోకి తోలడానికి వెళ్లిన మరదలు అప్పుడే లోపలికొచ్చింది. పాదాలు చీలమండల దాకా తడిసి ఉన్నాయి. గొంతులో కోపం లేదు.

"వదినా, మోటరు కట్టేసి రాలేదా?"

నీళ్లు పొద్దున యూరియా చల్లిన పైమడి మీదుగా పారి, కింది మడి నిండి, గట్టు తెంపుకుని గుంటలోకి దూకుతున్నాయి. తమ్ముడు పార తీసుకుని వెళ్లి గండి పూడ్చాడు. పెద్దక్క పరుగున వెళ్లి మోటరు కట్టేసింది. తర్వాతి రోజుల్లో ఒకటొకటిగా చేపలన్నీ చచ్చి తేలాయి. అక్కాతమ్ముళ్లిద్దరూ కలిసే వాటిని పూడ్చారు. మట్టి కప్పాక తమ్ముడు పార మీద చేతులానించి నిలబడ్డాడు.

"నువ్వు అబద్ధం చెప్పలేదక్కా. అది నాకు తెలుసు. కానీ ఇక్కడుంటే రోజూ నీ మోటరు చప్పుడుకి చెవులప్పగించి కూర్చోవాలి. ఏదో ఒకరోజు నిన్ను అనరాని మాట అనేస్తాను."

"అంటే అన్నావులే. పడతాను."

"అననక్కా. అందుకే వెళ్తున్నా. గుంట మాత్రం పైవాళ్లకి అమ్మను. నువ్వే చూసుకో. ఇక గడ్డీ నీదే, చేపలూ నీవే."

ఆమె వద్దనలేదు. సామాన్ల లారీ కదిలేటప్పుడు మరదలు దిగొచ్చి, ఎండాకాలం గుంటలో నీళ్లు ఎంత లోతుకు తగ్గితే ప్రమాదమో చెయ్యి పెట్టి చూపించి, మళ్లీ ఎక్కి కూర్చుంది.

పట్టీ లేచింది. అలసంద తీగలు గడ్డిని అల్లుకున్నాయి. డైరీకి వెళ్లే బండ్లు తగ్గాయి. వానలు వెనకబట్టాక, చేపపిల్లలు అమ్మేవాడు డ్రమ్ములతో వచ్చి, ఎన్ని వదలమంటారు, తమ్ముడుగారు గుంట నిండా వదిలేవారు అన్నాడు.

పెద్దక్క నీళ్లలో చెయ్యి ముంచి చూసింది. అరచెయ్యి కనిపిస్తోంది, వేళ్లు మాత్రం మసకగా ఉన్నాయి.

"ఈసారికి సగమే వదులు," అంది.