తేజాబ్‌లో గోలీ

కైలాసం సమ్మెట ఎత్తి వేశాడు. పగలలేదు. మళ్ళీ వేశాడు. మూడో దెబ్బకు పాత మిషన్ తాలూకు పోత ఇనుప పెట్టె ఎముక విరిగిన చప్పుడుతో నడిమికి చీలింది. ఒక పెళ్ళ ఎగిరి మోచేతిని కోసింది. నెత్తురు లుంగీకి తుడుచుకుని ఇంకో దాని మీద పడ్డాడు. పురానాపూల్ దగ్గర, మూసీ ఒడ్డునున్న తుక్కు దుకాణంలో ఇరవై ఆరేళ్ళుగా అతని పని ఇదే. సేటు కొన్న ఇనుమును కొలిమిలో పట్టేటట్టు ముక్కలు చేయాలి.

భుజాలు బండరాళ్ళు. పొట్ట కుండ. కాళ్ళు పుల్లలు. షుగరు, బీపీ, నెత్తుట్లో కొవ్వు, అన్నీ ఒకే ఒంట్లో కాపురం పెట్టాయని శాలిబండ దవాఖానాలో చెప్పారు. తండ్రి యాభైకి ఇదే దుకాణంలో కూలాడు. అన్న అంతవరకూ కూడా ఆగలేదు. వచ్చే శ్రావణానికి కైలాసానికి యాభై. అందుకే ఆ రెండువేల ఐదు ఎండాకాలం దవాఖానా వాళ్ళు షుగరు, బీపీలకు మెగ్నీషియం గోలీలు మనుషుల మీద పరీక్షిస్తున్నారంటే వేలిముద్ర వేశాడు. తోటి పనివాడు అంజన్‌నూ లాక్కుపోయాడు. సగం మందికి అసలు గోలీ, సగం మందికి ఉత్తది. ఎవరిది ఏదో చెప్పరు. పేదోడి ప్రాణంతో బొమ్మా బొరుసూ.

ఏడు వారాలు ఆ చెప్పనితనమే అతన్ని కొరికింది. ఆ రోజు చాయ్ పూట ఇక ఓర్చుకోలేదు. తుక్కులో ఇత్తడి అసలుదో పూతదో తేల్చేది తేజాబ్ చుక్కే. పింగాణీ గిన్నెలో ఆ యాసిడ్ పోశాడు.

"ఇది గూడ లోహమే గద. తేజాబ్ అబద్ధమాడదు."

తన గోలీ వేశాడు. ఉలకలేదు, పలకలేదు. అంజన్ గోలీ వేశాడు. బుస్సున నురగ పొంగింది.

"కైలాసమన్నా, నీకు పిండి గోలీలిచ్చిండ్రు," అంజన్ పగలబడి నవ్వాడు. "రొట్టె జేస్కో."

కైలాసం తన డబ్బాను మూసీలోకి విసిరి చెయ్యి చాపాడు. "నీది ఇయ్యి."

"ఎట్లిస్త? నాకేమన్న రెండు పానాలున్నయా?"

పిడికిలి మూతి మీద పడింది. అంజన్ ఇనుప కుప్ప మీద వెల్లకిలా పడితే, కైలాసం అతని గొంతు మీద మోకాలు పెట్టి జేబులోంచి డబ్బా పీక్కున్నాడు. అంజన్ ఉమ్మితే నెత్తుటితో పాటు పన్ను రాలింది.

"ఏయ్, లొల్లి బంద్ జేయుండ్రి," అన్నాడు సేటు, గద్దె మీంచి లేవకుండానే.

కైలాసం నాలుగు గోలీలు కరకర నమిలి మింగాడు.

రెండింటికి ఫణికుమార్ వచ్చాడు. గుంటూరు నుంచి వచ్చి దవాఖానాలో చేరినవాడు. వారం వారం గోలీలు ఎన్ని మిగిలాయో చూసుకోవడం అతని ఉద్యోగం. అంజన్ వాచిన మూతినీ, గిన్నెనూ చూశాడు.

"ఏంటండీ ఇది?"

"మీరు చెప్తలేరు, మేమే తేల్చుకున్నం. నురగొచ్చేదే అసలుది గద సారూ?" అన్నాడు కైలాసం.

ఫణికుమార్ నోరు జారాడు. "నురగొచ్చేది ఉత్త గోలీలోని సుద్దండీ. మా మెగ్నీషియం గోలీకి అలా రాదు."

కైలాసం మూసీ వైపు చూశాడు. నల్లటి మురుగు కదులుతోంది.

"ఇంకో డబ్బా ఇయ్యి సారూ."

"కుదరదండీ. డబ్బా పారేస్తే పేరు తీసేయమన్నారు." అక్కడే నిలబడి కాగితం మీద గీత కొట్టి వెళ్ళిపోయాడు.

కైలాసం సమ్మెట అందుకున్నాడు. కొట్టాడు. ఇనుము చిట్లింది. అది పొడి అయ్యాక కూడా కొడుతూనే ఉన్నాడు. కాసేపటికి దెబ్బలు ఉత్త నేల మీద పడుతున్నాయి.

"అన్నా, మస్తు ఎండ గొడుతుంది. జర కూసో," అంజన్ నోటికి గుడ్డ అదుముకునే పిలిచాడు.

కైలాసం కూర్చున్నాడు. "అంజన్, నీ పన్ను..." అన్నాడు. మాట వంకర పోయింది. మూతి ఒక పక్కకు జారింది. చాయ్ కోసం ఎదురుచూసేవాడిలా కుప్పకు ఆనుకున్నాడు. ఊపిరాడాలని అంజన్ అతని నడుం పట్టీ విప్పాడు. ఊపిరి ఆడలేదు.

ఇనుము మోసే బండి మీదే శవాన్ని దబీర్‌పురాలోని ఇంటికి తీసుకుపోయారు.

తోలు పట్టీ నేల మీద మిగిలింది. మేకుతో పొడిచిన బెజ్జాలు ఏడాదికొకటిగా కొసకు జరుగుతూ పోయాయి. చిట్టచివరిది ఇంకా కొత్తగా ఉంది. తోలు మాత్రం వంపు తిరిగి, ఆ పొట్టను చుట్టుకునే ఉన్నట్టు గుండ్రంగా నిలబడింది.