పాలు పూసిన గొర్రెపిల్ల

ఇన్నేసి పాలు చంటిబిడ్డకు కూడా పట్టరు కదా, అరచేయంత పొరకు పడుతున్నాను నేను, అనుకుంటూ హేమావతి ల్యాబులో ప్లాస్టిక్ ట్రేను రెండు చేతులతో ఇటూ అటూ ఊపుతోంది, ఊపే మిషను ఉండనే ఉంది, పదకొండింటికే కరెంటు పోయింది, ఎప్పుడొస్తుందో ఆ లైన్‌మ్యాన్‌కే తెలియాలి, పోతే పోయింది, చేతులు ఉన్నాయి కదా, ట్రేలో పాలపొడి కలిపిన నీళ్లు, ఆ పాలలో తెల్లటి పొర, పొర మీద కంటికి కనిపించకుండా శెనక్కాయ మొక్కల వేళ్ల నుంచి తీసిన ప్రోటీన్లు, వేలకు వేలు, వాటిలో ఒకే ఒక్కదాని కోసం నాలుగేళ్లుగా ఈ తంటా, నేలలో నీళ్లు తగ్గాయన్న కబురును కణం లోపలికి మోసుకుపోయే ప్రోటీను, కబురు అందుకోగానే అది ఒంటికి ఒక ఫాస్ఫేటు తగిలించుకుంటుంది, ఆ గుర్తు ఉన్నదాన్ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీ అదిగో ఐసుడబ్బాలో ఉంది, చిటికెన వేలంత గొట్టంలో, బెంగళూరు మీదుగా మూడు నెలలకు వచ్చి చేరింది, ఇక అడుగున ఒక్కసారికి సరిపడా మిగిలింది, ఒక్కసారికే.

నాలుగుసార్లు చేసింది, యాంటీబాడీ అంటుకున్న చోట మాత్రమే నల్లబడాల్సిన ఫిల్ము నాలుగుసార్లూ మొత్తం నల్లగా వచ్చింది, ఒక గీత పడాల్సిన చోట మసి పూసినట్టు, ఏమ్మా హేమావతీ, జిల్లాలో యాడా మబ్బు లేదు గానీ నీ ఫిల్ము మీద మాత్రం బాగా పట్టిండాది, అన్నాడు దివాకర్ సారు, నవ్వకుండా అన్నాడు, నవ్వుంటే బాగుండేది, ఆయన గైడు, మంచివాడే, కానీ ఆయన్ను అడిగేవాళ్లు పైన ఉన్నారు, ఖాళీ జాగాల్లో యాంటీబాడీ ఊరికే అంటుకుంటాండాదమ్మా, ఆ జాగాలు మూసేదానికే గదా పాలు, ఇంకొంచెం చిక్కగా కలుపు, అన్నాడు, కలిపింది, ఐదు గ్రాముల పొడి వేసే చోట పది వేసింది, పది చాలక పదిహేను, ఇంట్లో పాలన్నీ హోటలుకు పోసి పిల్లలకు రాగిగంజి పెట్టిన బతుకు, అందుకేనేమో పాలు ఎక్కువైతే చెడేదేముందిలే అనిపిస్తుంది, పోసేకొద్దీ ఇంకా నల్లబడింది, ఈసారీ ఇట్లే అయితే ఇది ఇడిసిపెట్టమ్మా, ఆకుల పచ్చదనం కొల్చే పని తీసుకో, నీ గడువు అయిపోతాండాది, అన్నాడు నిన్న, సరే సార్ అని తల ఊపి వచ్చింది, ఏం సరే, నాయనకు ఏమని చెప్పాలి.

నాయన సుంకన్నకు గొర్రెలతో పాటు నాలుగెకరాల మెట్ట, రాయదుర్గం దగ్గర, అందులో ఆయన ఎవరికీ అమ్మక, ఇంట్లోవాళ్లను తిననీయక దాచుకున్న ఒక రకం శెనక్కాయ ఉంది, ఇది ముందే తెలుసుకుంటాది పాపా, ఎండ ముదరకముందే ఆకు ముడుచుకుంటాది, పక్కసాలుది ఏమీ తెలీనట్ల నిల్చుకోని మాడిపోతాది, అంటాడు, ఊళ్లో అందరూ నవ్వేవాళ్లు, సుంకన్న చెట్లతో మాట్లాడతాండాడప్పా అని, కూతురు మాత్రం ఆ గింజలు సంచిలో కట్టుకుని యూనివర్సిటీకి వచ్చింది, ముందే తెలుసుకునేది నిజమైతే ఆ గీత ఫిల్ము మీద ముందే పడాలి కదా, పడితే నాయన మాటకు సాక్ష్యం దొరికినట్టే, మొన్న పోయినప్పుడు కూడా నాయన అడిగాడు, యేం పాపా, నా శెనక్కాయ ఏమన్నా పలికిందా అని, ఇంగా లేదు నాయనా అంది, పలుకుతాదిలే అని బీడీ వెలిగించుకున్నాడు, ఆయనకున్న నమ్మకంలో సగమైనా తనకు లేదు.

గంట అయింది, ఇక యాంటీబాడీ పోయాలి, ఐసులోంచి గొట్టం తీసింది, పిపెట్టు ముక్కులోకి అడుగున ఉన్న ఆ కాస్తా లాగింది, ఆఖరి బొట్టు, ట్రే మీదికి వంగింది, పాల వాసన గుప్పున కొట్టింది, పొద్దున అమ్మ ఓబులమ్మ కూడా ఫోనులో పాల మాటే ఎత్తింది, ఎస్టీడీ బూత్ నుంచి, నల్లగొర్రె పిల్ల సచ్చిపాయ పాపా, ఇంగొక పిల్లకు తల్లి సచ్చిపాయ, సరేలే అని నల్లదాని పాలు పిండి తల్లిలేనిదానికి తోక కాడ్నుంచి తల దాకా పూసినా, మూచూసి తన బిడ్డే అనుకుని పాలిస్తాండాది, అంతవరకు బాగుండాది, నేనేమో చేతికంటిన పాలు తక్కిన పిల్లలకు తుడిసినా, తెలీక, ఇప్పుడు యా పిల్ల పోయినా నాదే నాదే అంటాండాది పిచ్చిది, మీ నాయన ఒకటే నగడం, అమ్మ కూడా నవ్వింది, తనూ నవ్వింది, నవ్వి మరిచిపోయింది, వాసన చూసి పట్టుకునే గొర్రె, గుర్తు చూసి పట్టుకునే యాంటీబాడీ, యా పిల్ల పోయినా నాదే నాదే, ఫిల్ము మొత్తం నలుపు, పాలు పెంచేకొద్దీ నలుపు, పాలు, పాలల్లో ఏముంది, బీఎస్సీ రెండో సంవత్సరం ప్రశ్న, ఫాస్ఫేటు ఉన్న ప్రోటీనుకు ఒక ఉదాహరణ రాయుము, రెండు మార్కులు, రాసింది కదా, రెండుకు రెండూ వచ్చాయి కదా, కేసీన్, పాలలోని ప్రోటీను, ఒళ్లంతా ఫాస్ఫేట్లే, అయ్యో, ఎంత పని చేస్తున్నాను, అని చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకుంది, బొట్టు జారలేదు.

బొట్టును మెల్లగా మళ్లీ గొట్టంలోకి వదిలింది, మూత బిగించింది, ఐసులో గుచ్చింది, స్టూలు మీద కూర్చుంది, ఏడుపు వస్తోందో నవ్వు వస్తోందో తెలియలేదు, రెండూ వచ్చాయి, అవే వేళ్ల ప్రోటీన్లతో చేసిన జోడీ పొర ఇంకొకటి ఉప్పునీళ్లలో పడి ఉంది, దానికి పాలు తగల్లేదు, ఖాళీ జాగాలు మూయడానికి అలమరలో అల్బుమిన్ సీసా ఉండనే ఉంది, ఆవు రక్తం నుంచి తీసింది, దానికి ఆ గుర్తు ఉండదు, నాలుగేళ్లుగా కళ్లెదుటే ఉంది, లేచి ట్రేలోని పాలను సింకులో వంపేసింది, అన్ని పాలూ ఒక్కసారిగా, జీవితంలో మొదటిసారి పాలు పారబోస్తే ప్రాణం ఉసూరుమనలేదు, సాయంత్రం అమ్మను బూత్ దగ్గరికి పిలిపించి ఫోను చేయాలి, పిచ్చిదేం కాదమ్మా నీ గొర్రె అని చెప్పాలి, అది మూచూసి తన వాసన ఉన్నచోటల్లా తనదే అంది, అంతే, ఈ చిన్న గొట్టంలోది కూడా అంతే, ఇన్నాళ్లూ ఒక్కసారైనా అబద్ధం చెప్పలేదు, దాని గుర్తును పొర నిండా పూసిపెట్టింది తనే, నాయన శెనక్కాయ ఎప్పుడో పలికే ఉంటుంది, ఆ పలుకు మీద పాలు పోసి మూసింది తన చేతులే.