అప్ప గొంతు వెంట జముకు

గున్నమ్మ ముందు నడుస్తోంది, దాలయ్య వెనక నడుస్తున్నాడు, ఎప్పుడూ అంతే కదా, కథ చెప్పే అప్ప ముందు, జముకు వాయించే తమ్ముడు వెనక. అప్ప నిరుడు వానల్లో పోయిందని అతనికి తెలుసు, తెలిసినా అదేమంత పెద్ద విషయంగా తోచడం లేదు, అమ్మోరి జాతరకి, ఆ తీర్థంలో కథ చెప్పడానికి ఆలస్యమైపోతోందన్న కంగారే ఎక్కువగా ఉంది. కాళ్ళ కింద జీడితోట ఇసుక, నాలుగడుగులు వేసేసరికి ఆ ఇసుక బస్సులోని రేకు నేల అవుతుంది, బస్సులో సీట్లుండాల్సిన చోట వరినారు పచ్చగా పెరిగి ఉంది, దాన్ని తొక్కకుండా ఇద్దరూ పక్కకి ఒదిగి నడుస్తున్నారు.

"ఏటా నడక? కొత్త పెల్లికూతురు నాగ!" అంటుంది అప్ప, వెనక్కి తిరక్కుండానే.

"వొస్తన్నానప్పా."

"జముకు తెచ్చినావా, ఇంటికాడ ఒగ్గేసినావా?"

దాలయ్య చంక తడుముకుంటాడు. ఉంది. ఒకవైపు మేకతోలు మూసిన చిన్న గుల్ల, తోలు నడిమధ్య నుంచి బయటికొచ్చే నరం, నరం కొసన బొటనవేలంత కర్ర. గుల్లని చంకలో ఇరికించి, ఒక చేత్తో కర్ర పట్టి లాగుతూ రెండో చేత్తో నరం మీటితే, లాగినకొద్దీ స్వరం ఎక్కుతుంది, వదిలినకొద్దీ దిగుతుంది. మెట్లు లేవు, గుర్తులు లేవు. వాయించేవాడు చూడాల్సింది కథ చెప్పే మనిషి గొంతు వైపే, దాలయ్య బతుకంతా అలా అప్ప మెడ నరాలు చూస్తూనే గడిచిపోయింది.

బస్సు ఎప్పుడు ఆగిందో, అసలు కదిలిందో లేదో, ఇప్పుడు వాళ్ళు సంతబయలు లాంటి చోట ఉన్నారు, సంత ఎత్తేశాక మిగిలిన ఉల్లిపొట్టు గాలికి ఎగురుతోంది. అప్ప ఒక్కొక్క పాక దగ్గర వంగి చూస్తోంది, రాయి తీసి చూస్తోంది, ఆకు తిప్పి చూస్తోంది, అక్కడక్కడా నిలబడ్డ మనుషుల్ని, మొహాలు సరిగ్గా లేని మనుషుల్ని, ఏదో అడిగి, వాళ్ళు తల అడ్డంగా ఊపితే ముందుకు పోతోంది.

"ఏటి ఎతుకుతన్నావప్పా?"

"నా తప్పు" అంటుంది గున్నమ్మ, జారిపోయిన తాళంచెవి మాట చెప్పినట్టు. "అమ్మోరి కాడ నాను ఏ తప్పు సేసినానో అది. బతికున్నన్నాల్లూ ఎతికినాను, దొరకనేదు. ఇక్కడా దొరకనేదు."

అది అక్కడ లేదని దాలయ్యకి తెలుసు, ఎక్కడా లేదని తెలిసినవాడు లోకంలో అతనొక్కడే.

సంతబయలు నడుమ హార్మోనియం పెట్టె ఒకటి కూర్చుని ఉంది, వాయించే మనిషి లేకపోయినా దాని తిత్తి దానంతటదే ఊపిరి తీసి వదులుతోంది. అదే పెట్టె, అదే తీర్థం, మళ్ళీ అదే వేదిక. వయసు మీద పడ్డకొద్దీ గున్నమ్మ గొంతు ఏడాదికింత దిగుతూ వచ్చింది, ఆ సంగతి దాలయ్య కంటే ముందు దాలయ్య చెయ్యి కనిపెట్టింది, కనిపెట్టి నరాన్ని వెంట్రుకవాసి వదిలింది, మరుసటేడు మరో వెంట్రుకవాసి. జముకు గొంతు వెంటే దిగింది గనక జనానికి తెలియలేదు, అప్పకీ తెలియలేదు. "సూసినావా, నా గొంతు సిన్నప్పట్నుంచీ ఒక్కనాగే ఉంది" అని అప్ప మురిసిపోతే, ఎంత మంచి పని చేస్తున్నానో అని ఇతనూ లోలోపల మురిసిపోయాడు పాపం.

ఒక ఏడాది తీర్థం పెద్దలు తొలిసారి హార్మోనియం తెప్పించారు. వాయించేవాడు శ్రుతి అడిగితే, అప్ప కుర్రతనంలో తాను పాడిన పై మెట్టు మీద దర్జాగా వేలు పెట్టింది. దాలయ్య నోరు తెరిచాడు. నలుగురిలో అప్ప మొహం చిన్నబోతుందని మళ్ళీ మూసుకున్నాడు. హార్మోనియం ఎవరి కోసమూ దిగదు కదా! కథలో తల్లి కొడుకుని పేరెట్టి పిలిచే చోట గున్నమ్మ గొంతు చీలిపోయింది, దగ్గి మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ చీలింది, ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. కాళ్ళ అందెలు విప్పేసి వేదిక దిగిన మనిషి ఇంక పాట ఎత్తలేదు. నిన్నటిదాకా ఉన్న గొంతు ఒక్క పూటలో పోయిందంటే అమ్మోరికి కోపం వచ్చినట్టే అనుకుంది, ఉపవాసాలుంది, ముడుపులు కట్టింది, ఏనాడో విసుక్కున్న మాటల్ని కూడా తలుచుకుని లెంపలేసుకుంది. పక్కింట్లోనే ఉండి ఇదంతా చూస్తూ దాలయ్య నీళ్ళు నమిలాడు.

"అప్పా, ఎతకమాకు" అంటాడు ఇప్పుడు. అంటుంటే చేతిలో నరం దానంతటదే సాగుతోంది, వేదిక దాటి, ఉల్లిపొట్టు దాటి, అంతు లేకుండా సాగిపోతోంది. "నీ తప్పు నేదు. అమ్మోరు ఏటీ సెయ్యనేదు. నీ గొంతు ఎన్నో ఏల్ల నుంచి దిగతంది. దిగినప్పుడల్లా నాను నరం వొదిలినాను. నీకు తెల్దు, అంతే."

గున్నమ్మ మొదటిసారి వెనక్కి తిరుగుతుంది. మొహం చివరి రోజుల్లోది కాదు, కుర్రతనంలోదీ కాదు, రెంటికీ మధ్య ఎక్కడో ఉంది.

"ఎన్నేల్ల నుంచీ?"

"సానా."

"మరి పెట్టె మీద ఏలెట్టినప్పుడు నా పక్కనే ఉన్నావు కదరా?"

"ఉన్నాను."

"సెప్పనేదేటి?"

"నువ్వు బాద పడతావని."

అప్ప నవ్వుతుంది, ఆ నవ్వు దాలయ్యకి ఏడుపుకంటే కష్టంగా ఉంటుంది. "ఓరి పిచ్చోడా! సెప్పుంటే కింద మెట్టు మీదే పాడుదును. దిగిన గొంతు మాత్రం నాది కాదేట్రా? అదీ నాదే కదా. ఇంకా కొన్నేల్లు పాడుకుందును."

అప్ప కాళ్ళ మీద పడదామంటే దాలయ్య కాళ్ళు నారుమడి బురదలో ఉన్నాయి, నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి, హార్మోనియం నీళ్ళ మీద తేలుతూ పోతోంది.

"కూకో. ఆ తల్లి పిలుపు కాడ ఆగిపోనాది కద. అక్కడి నుంచి ఎత్తుకుందుము" అంటుంది అప్ప. "నా గొంతు ఎక్కడుంటే అక్కడికే వాయించు. దాసమాకు."

దాలయ్య గుల్లని చంకలో ఇరికించి, నరం వదులుతాడు, ఇంకా వదులుతాడు, అప్ప మెడ మీద నరం ఉబ్బుతుంది, పెదాలు విడతాయి, పాడుతోంది, పాడుతోందని కళ్ళకి తెలుస్తోంది, చెవికి మాత్రం ఏదో గలగల తప్ప ఏమీ ఆనడం లేదు, ఆ గలగల పెరిగి పెరిగి అప్పని కప్పేస్తుంది.

చాట చప్పుడు. తెల్లారిపోయింది. అరుగు మీద భార్య సూరమ్మ బియ్యం చెరుగుతోంది. దాలయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. ఒక్క ముక్క, కనీసం ఒక్క ముక్కయినా విననివ్వలేదే అనుకున్నాడు, ఎవరి మీద కోపమో తెలియకుండానే.

సూరమ్మ రాళ్ళు ఏరడం అయిందనుకుని, ఎసరు చూడడానికి లోపలికి వెళ్ళింది. ఈ మధ్య రోజూ జరిగేదే. ఆమె అటు వెళ్ళగానే దాలయ్య గబగబా చాట ముందుకి చేరి, ఆమె చూపుకి ఆనని రాళ్ళు ఏరి పెరట్లోకి విసిరేస్తాడు. ఇవాళా చేరాడు. బియ్యం నడుమ తెల్లటి రాయి ఒకటి, బియ్యపు గింజలాగే పొడుగ్గా ఉంది. తీసి, విసరబోయి, ఆగాడు.

"సూరీ, ఇలగ రా."

వచ్చిన మనిషి అరచేతిలో రాయి పెట్టాడు. "నీకు సూపు ఆనటం నేదే. రోజూ రాల్లుండిపోతన్నాయి. నువ్వు సూడకండా నానే ఏరతన్నాను."

సూరమ్మ రాయిని కంటి దగ్గరగా పెట్టుకుంది, వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"మరి సెప్పకపోతే నాకెలగ తెలుస్తాది?" అంది. కొంచెం జరిగి చోటిచ్చింది. "కూకో, నువ్వూ ఏరు."

అంతే. కోపం లేదు, కంటతడి లేదు. ఇంత తేలికైన మాటని అప్పకి చెప్పలేకపోయాను కదా అని దాలయ్యకి దుఃఖం పొంగుకొచ్చింది. చాట ముందు కూర్చున్నాడు గానీ, చాలాసేపు అతనికీ రాయేదో బియ్యమేదో కనిపించలేదు.